ఇంటి బుధవారం, బడి గురువారం

మంగళవారం బడిలో నక్షత్రాల పాఠాలు మొదలవుతాయి, అక్కడిదాకా తేలిపోయింది, ఇక వాటిని బుధవారం ఇళ్ళలోకి ఎలా దించాలన్నదే మిగిలింది, అనుకుంటూ లోర్నా మధ్యాహ్నం తిన్న పళ్ళేలన్నీ ఎత్తి సింకులో పడేసి, బల్ల మీద పడ్డ మాంసం పులుసు మరకని తడిగుడ్డతో తుడిచి, తుడిచిన చోటు ఆరకముందే కాగితాలు పరిచేసింది. అంచులు తడిశాయి. తడవనీ. ఇల్లంతా నిద్రపోతోంది, హాల్లో సోఫా మీద మొగుడు డేల్ నోరు తెరుచుకుని, లోపలి గదిలో కూతురు మేబెల్ చర్చికి వేసుకున్న గౌనుతోనే, సోఫా కింద కుక్క. ఈ ఇంట్లో ఆదివారం ఎవరూ పని పెట్టుకోరు, బట్టలు ఉతకరు, పుస్తకాల సంచి తెరవరు, అది లోర్నా పెట్టిన కట్టుబాటే, ఇవాళ తెంచుతున్నదీ లోర్నాయే, తెంచుతున్నందుకు తప్పు చేసినట్టుండాల్సింది పోయి లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నట్టుగా ఉంది. పొద్దున చర్చి గుమ్మం దగ్గర థార్న్ టీచరు ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. మెడ చుట్టూ శాలువా, చేతిలో పిల్లల పలక, నోరు మాత్రం తెరవలేదు. పలక మీద గబగబా రాసి చూపించింది: గొంతు పోయింది, డాక్టరు వారమంతా ఒక్క మాట మాట్లాడొద్దన్నాడు, మూడో తరగతి నువ్వు తీసుకుంటావా, వారం పాఠాలు కూడా నువ్వే వేసి సాయంత్రానికల్లా అన్ని ఇళ్ళకీ పంపాలి. చివరి మాట చదవకుండానే లోర్నా తీసుకుంటానంది, ఎంత గట్టిగా అందంటే, వెనక చేతులు కలుపుతున్న పాస్టరుగారు ఏమిస్తున్నారో ఏం తీసుకుంటోందో అన్నట్టు ఇటు తిరిగి చూశారు.

ఆ చర్చి వెనక గదుల్లోనే బడి. మంగళ, గురువారాలు పిల్లలు అక్కడికి వస్తారు, మిగతా రోజులు ఇంట్లో, వంటగది బల్లల దగ్గర, టీచరు వేసి పంపిన పాఠాలని అమ్మలు చెప్పిస్తారు. కొత్తది బడిలో, సాధన ఇంట్లో, అదీ నియమం, చెప్పడానికి ఎంత తేలిక. కానీ వారాన్ని రెండు చోట్ల నిలబెట్టడం అంటే ఒక దుప్పటిని ఇద్దరు చెరో వైపు పట్టుకుని మడత పెట్టడం లాంటిది, ఒకరు ఎటు తిప్పుతున్నారో రెండోవారికి తెలియాలి, లేకపోతే మధ్యలో ముద్దయిపోతుంది. మూడేళ్ళుగా లోర్నా ఆ రెండో అంచు పట్టుకునే ఉంది. మొదటి అంచు ఇవాళ చేతికొచ్చింది. బైబిలు కీర్తన ఎలాగూ ముందే ఉంది, ఈ నెలంతా పిల్లలు కంఠస్థం చేస్తున్నది నక్షత్రాలని లెక్కపెట్టి పేర్లు పెట్టినవాడి కీర్తనే, అందులో మంచు కూడా ఉంది, కాబట్టి మంగళవారం ప్రకృతి పాఠంలో నక్షత్ర మండలాలు, అక్కడి నుంచి లాటిన్‌లో నక్షత్రమన్న మాటకి వచ్చే విభక్తి తోకలన్నీ పాటలా వల్లె వేయించడం, చరిత్రలో దిక్సూచి లేని రోజుల్లో చుక్కల్ని చూసి సముద్రం దాటిన ఓడలవాళ్ళు, లెక్కల్లో ఏడో ఎక్కం ఎందుకంటే సప్తర్షులు ఏడు, ఆ తర్వాత, ఆ తర్వాత, అంటూ ఆమె పెన్సిలు పరిగెత్తింది, పరిగెత్తుతూ ఒకచోట ముక్కు విరిగింది, కూరగాయల కత్తితో చెక్కుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఇవన్నీ వేరే వేరే చదువులు కావు, ఒకే చేతిలోంచి రాలినవి, ఆ చెయ్యి ఎవరిదో పిల్లకి చెప్పక్కర్లేదు, పక్కపక్కన పెడితే తనే చూస్తుంది. తన చిన్నప్పుడు ఎవరూ అలా పక్కపక్కన పెట్టలేదు. సైన్సు ఒక గదిలో, చరిత్ర ఇంకో గదిలో, మధ్యలో గంట, పరీక్షలంటే పెన్సిలుతో సున్నాలు నింపడం, కాలేజీలో నాలుగేళ్ళు లెక్కలు-పద్దుల చదువు చదివి మంచి మార్కులతో బయటికొచ్చినా తలలో ఏముందంటే నింపిన సున్నాలే ఉన్నట్టుండేది. ఇప్పుడు ముప్ఫై ఆరో ఏట, ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతూ, కూతురు కంటే ఒక్క పాఠం ముందుగా లాటిన్ తోకలు వల్లె వేసుకుంటూ, తను కూడా మూడో తరగతిలో ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని కాదు, అంటే ఆ ఆనందం కాస్త తగ్గుతుందేమోనని.

బుధవారం మీద పెన్సిలు ఆగింది. బుధవారం తర్వాత గురువారం వస్తుంది. గురువారం మధ్యాహ్నం బడంతా చర్చి పెద్ద హాల్లో చేరుతుంది, మూడో తరగతి పిల్లలు ఒక్కొక్కరే మెట్టెక్కి నిలబడి కీర్తన అప్పజెప్పాలి, ఎదురుగా టీచరు, వెనక బల్లల నిండా అమ్మలు, నాన్నలు, తాతలు. మేబెల్ కిందటి నెల మెట్టెక్కి నిలబడి, ఏమీ అనకుండా దిగిపోయింది. అంతకుముందు నెలా అంతే. ఇంట్లో గడగడా చెప్పిన పిల్ల. వేన్ వెనక సీట్లో కూర్చుని, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, జిన్నింగు మిల్లు మలుపు నుంచి చర్చి గేటు దాకా మొత్తం కీర్తన చెప్పిన పిల్ల, మెట్టెక్కగానే థార్న్ టీచరు ముఖంలోకి చూసి, చూసి, పెదవులు బిగించుకుని దిగిపోయింది. తిరిగి వస్తూ అద్దంలోంచి లోర్నా వైపు చూసి మేబెల్ మెల్లగా అంది: "అమ్మా, నన్ను పసుపు బస్సు వచ్చే బడిలో వెయ్యి. అక్కడ రాసి ఇస్తే చాలంట." ఆ రాత్రి డేల్ కూడా, కోపంగా కాదు, పిల్ల బూట్ల మట్టి దులుపుతూ, "ఇంకొక్కసారి చూద్దాం లోర్నా. ఈసారి కూడా నోరు విప్పకపోతే క్రిస్మస్ తర్వాత ఆ పసుపు బస్సు సర్కారు బడికే పంపిద్దాం. దాన్ని అలా చూడలేకపోతున్నాను," అన్నాడు. ఆ ఒక్కసారి ఈ గురువారమే. అది తలుచుకుంటే ఈ నెలంతా లోర్నాకి ముద్ద దిగలేదు, కానీ ఇవాళ, ఇవాళ పొద్దుటి నుంచి, పలక మీద ఆ సుద్ద అక్షరాలు చూసినప్పటి నుంచి, ఆమె లోపల చప్పట్లు కొడుతున్నది అందుకే కదా, ఈ గురువారం మెట్టు ఎదురుగా నిలబడేది థార్న్ టీచరు కాదు, తను! మేబెల్ ఎక్కి చూసేసరికి ఎదురుగా అమ్మ ముఖం. అడిగినా ఇంత చక్కగా అమర్చేవాళ్ళు కాదు. దేవుడే అమర్చాడు, పాపం ఆవిడ గొంతు తీసుకుని మరీ. అలా అనుకోవచ్చా? అనుకోకూడదు. అనుకుంది.

సోఫా కిర్రుమంది, డేల్ వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచి ఐస్ టీ జగ్గు తీశాడు. పత్తి కాలం వచ్చిందంటే మిల్లు పగలూ రాత్రీ ఆగదు, అతను ఎంత స్నానం చేసినా చెవుల వెనక ఎక్కడో తెల్ల పీచు ఒకటి మిగిలే ఉంటుంది, ఇప్పుడు కూడా ఉంది, నిద్రలో దిండుకి ఒత్తుకుని ఈకలా పైకి లేచింది. బల్ల మీది కాగితాలు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఏంటమ్మగారూ, ఆదివారం పూట? బైబిల్లో విశ్రాంతి దినాన కూడా లాగొచ్చన్న ఎద్దు గుంటలో పడిందా?"

"పడింది. లాగుతున్నాను."

"మరి పోయిన ఆదివారం నేను మిల్లుకి వెళ్తానంటే నా ఎద్దుకి పాస్టరుగారి చీటీ కావాలన్నావ్."

"నీ ఎద్దు వారం వారం పడుతుంది డేల్. నాది మూడేళ్ళకి ఒక్కసారి పడింది."

అతను భుజం మీదుగా వంగి చదివాడు, చల్లటి గ్లాసు ఆమె మెడకి తగిలించి, ఉలిక్కిపడితే నవ్వాడు. "నక్షత్రాలు, ఓడలు, లాటిను, ఏడో ఎక్కం... పిల్లల్ని చదివిస్తున్నారా, రోము సైన్యంలో చేర్పిస్తున్నారా?" అని, మళ్ళీ నవ్వకుండా, "గురువారం నువ్వే ఎదురుగా ఉంటావన్నమాట," అన్నాడు. "నేనే," అంది లోర్నా. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో అతనికి వినబడే ఉంటుంది, ఎందుకంటే ఆమె నడినెత్తి మీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉండి, మళ్ళీ సోఫా దగ్గరికి పోయాడు.

ఫోను మోగకూడదని పక్కన పెట్టినా అది బల్ల మీద గిజగిజలాడింది. కెండ్రా. ఆరుగురు పిల్లల తల్లి, ఊరవతల మేకల దొడ్డి, మూడో తరగతిలో కవలలు. అప్పుడే వార్త పాకిందన్నమాట. "లోర్నా, నువ్వే వేస్తున్నావంటగా, నీకు దణ్ణం పెడతాను, మా బుధవారం జోలికి రాకు," అంది పలకరింపు కూడా లేకుండా, వెనక ఏదో పగిలిన చప్పుడు, "ఎవడ్రా అదీ! ...బుధవారం మాకు మేకల గిట్టలు కోసే రోజు. నాకు బుధవారం నాడు జిగురు వద్దు, అట్టముక్కలు వద్దు, పోయినేడు ఆ కాలవ గోల గుర్తుంది కదా?" గుర్తుంది. పోయినేడు థార్న్ టీచరు వేరే ఊరు వెళ్తే ఎవరో తల్లి వేసిన పాఠంలో బుధవారం ఇంట్లో రోమన్ల నీటి కాలవ బొమ్మ కట్టి తెమ్మన్నారు, గురువారం పొద్దున బల్ల మీద వరసగా కాలవలు నిలబడ్డాయి, కమానుల మీద కమానులు, ఒకదాంట్లో నిజంగా నీళ్ళు పారాయి, పిల్లల్ని అడిగితే ఒక్కడికీ నీళ్ళు ఎటు నుంచి ఎటు వెళ్తాయో తెలియదు. "వరసగా అమ్మలు కట్టిన కాలవలు!" అని కెండ్రా పగలబడి నవ్వింది. "నీదే కదా నీళ్ళు పారింది?" లోర్నాదే. రాత్రి మేబెల్ పడుకున్నాక సిమెంటు పూసింది. "ఆ తల్లి కూడా నువ్వేనేమో అని నా అనుమానం," అంది కెండ్రా. "కాదులే," అంది లోర్నా చెవులు వేడెక్కుతుంటే, "ఈసారి జిగురుండదు. మేకల గిట్టలు కోస్తూ కూడా చెయ్యగలిగేదే వేస్తాను." ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎంత మంచి మాటో తెలిసింది. ఇంటి రోజు అంటే తన వంటగది బల్ల ఒక్కటే కాదు, ఆ దొడ్డి కూడా, మూడో వీధిలో నర్సుగా రాత్రి డ్యూటీ చేసి వచ్చి కాఫీతో కళ్ళు తెరిచి పెట్టుకుని చదివించే ఆ పిల్లాడి అమ్మ కూడా, అవ్వ దగ్గర పెరిగే ఆ ఎర్ర జుట్టు పిల్ల కూడా. వాళ్ళందరికీ ఒకటే బుధవారం. చిన్నది, గట్టిది, చేతులు ఖాళీ లేకపోయినా జరిగేది. కీర్తన అప్పజెప్పించుకోవడం ఒక్కటే పెడితే? పని చేసుకుంటూ వినడం. అంతే కదా. అంతే.

మంగళవారం పిల్లల ముందు తను ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోవాలనిపించింది. కుర్చీలోంచి లేచి, ఎవరూ లేవకుండా లోగొంతుకతో, పొయ్యి పక్కన నిలబడి, నక్షత్రం తోకల వరస మొదలుపెట్టి, చేత్తో తాళం వేస్తూ, అది అయిపోతే కీర్తన అందుకుంది, మైక్రోవేవ్ నల్లటి అద్దంలో ఒక స్త్రీ కూడా అందుకుంది. లోర్నా గొంతు ఆపేసి, పిల్లలు చెబుతున్నట్టు ఊహించుకుంటూ, వాళ్ళ వైపు తల ఊపుతూ వినసాగింది. అద్దంలో స్త్రీ ఆపలేదు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి, ప్రతి మాటకీ, అక్షరం పోకుండా, నోరు గుండ్రమై, సాగి, మూసుకుని, మళ్ళీ తెరుచుకుని. లోర్నా చెయ్యి గాల్లో ఆగిపోయింది, ఆ పెదవులు తనవే. పొద్దున చర్చిలో పాట పాడుతున్నప్పుడు థార్న్ టీచరు గొంతు లేక ఊరికే పెదవులు ఆడిస్తూ నిలబడింది, ముందు వరసలో చిన్నపిల్లలు పాట పుస్తకం వదిలేసి ఆవిడ నోటి వైపు చూసి పాడుతున్నారు, ఎంత ముద్దుగా ఉందో అని లోర్నా డేల్‌ని మోచేత్తో పొడిచి చూపించింది కూడా. ఎండాకాలంలో ఒక రాత్రి అన్నాల దగ్గర మేబెల్ కీర్తన చెబుతుంటే డేల్ అన్నాడు, "పిల్ల చెబుతోందా, నువ్వు చెబుతున్నావా? చెరువులో చేపలా నోరలా ఆడిస్తావేం?" ముగ్గురూ నవ్వుకున్నారు, మేబెల్ చేపలా నోరు పెట్టి చూపించింది. ఇంకా, వేన్ అద్దం. వెనక సీట్లో కూర్చుని మేబెల్ కిటికీలోంచి బయటికి చూడదు ఎప్పుడూ, అద్దంలోకే చూస్తుంది, అమ్మ కళ్ళలోకి అని లోర్నా అనుకునేది, అనుకుని మురిసేది, కళ్ళలోకి కాదు. థార్న్ టీచరు ఎలా వింటుంది? కళ్ళు దించుకుని, పెదవులు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటుంది. ఆ ముఖంలోకి మేబెల్ చూసి, చూసి, వెతికి, అక్కడ ఏమీ లేకపోతే దిగిపోయింది. పిల్లకి భయం కాదు. పిల్లకి కీర్తన రాదు. పిల్లకి వచ్చింది అమ్మ నోరు.

లోర్నా పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. మొదట వచ్చింది సిగ్గే, నీళ్ళు పారిన కాలవ, దాని పక్కన ఇది, ఇన్ని నెలలు గొప్పగా కట్టుకున్న రెండో కాలవ. కానీ సిగ్గు చాలాసేపు నిలవలేదు, దాని కింద నుంచి ఇంకేదో ఉబికి వచ్చింది, వేడిగా, నవ్వు లాంటిది, పిల్ల తప్పు కాదు, ఎక్కడ తెగిందో తెలిసిపోయింది, తెగిన చోటు తెలిస్తే కట్టుకోవచ్చు! ఆమెకి నాన్న గుర్తొచ్చాడు. రేడియోలో మధ్యాహ్నం పత్తి ధరలు, గోధుమ ధరలు, గొడ్ల ధరలు చదివేవాడు, చుట్టుపక్కల జిల్లాలన్నీ ఆ గొంతు విని అన్నానికి కూర్చునేవి, ఇంటికొస్తే మాత్రం ఉప్పు అందుకోవాలన్నా చెయ్యి చూపించేవాడు. ఒకసారి స్టేషనుకి తీసుకెళ్తే చిన్న గది, గోడలకి పాత తివాచీ ముక్కలు, మైకు, ఎదురుగా ఖాళీ గోడ. ఇక్కడ ఎవరికి చెప్తావు నాన్నా అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "ఎవరూ చూడట్లేదు కాబట్టి అందరికీ చెప్తాను. ముఖం కనబడితే దానికే చెప్తాం, మిగతావాళ్ళు పోతారు," అన్నాడు. ఆయన నోటి నుంచి ఒకేసారి అన్ని మాటలు రావడం అదే చూడటం, అందుకే మర్చిపోలేదు, అర్థం కావడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. ముఖం కనబడకూడదు. బుధవారం మేకల దొడ్డిలో గిట్ట పట్టుకుని వంగిన కెండ్రా ముఖం పిల్లలకి కనబడదు, గిన్నెలు తోముతున్న నర్సుది కనబడదు, వీపు వైపు చెప్పించాలి. ఆమె కూర్చుని రాసింది, పెన్సిలు నొక్కి రాసింది: బుధవారం, అన్ని ఇళ్ళలో. చేతికి ఒక పని పెట్టుకుని పిల్లకి వీపు తిప్పి నిలబడండి. కీర్తన మీ వీపుకి చెప్పించుకోండి. ఆగితే ఆగనివ్వండి. అందించకండి. తల తిప్పకండి. నోరు కదపకండి, వాళ్ళకి కనబడకపోయినా కదపకండి. రాసి చదువుకుని, చివరి మాట తనకే రాసుకున్నానని తెలిసి నవ్వుకుంది. ఇంతకంటే మంచి బుధవారం ఎవరూ వెయ్యలేదు. లేచి వంటగదిలో ఒక చుట్టు తిరిగింది, కుక్క తలెత్తి చూసింది, ఇంకో చుట్టు తిరిగింది.

అప్పుడు గురువారం దగ్గరికి వచ్చి నిలబడింది. మెట్టు ఎదురుగా తను. బుధవారం అంతా వీపు తిప్పి, గురువారం ముఖం చూపిస్తే? పెదవులు బిగించుకోవచ్చు. బిగించుకోగలదా? పిల్ల మూడో మాట దగ్గర ఆగి తన వైపు చూస్తే, హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటే, బిగించుకోగలదా? లేదు. తనకి తెలుసు. ఒక్క మాట, మొదటి అక్షరం, అలా పెదవి విడిస్తే చాలు, మేబెల్ దాన్ని పట్టుకుని గడగడా చివరిదాకా పోతుంది, అందరూ చప్పట్లు కొడతారు, డేల్ కళ్ళు తుడుచుకుంటాడు, పసుపు బస్సు మాట మళ్ళీ రాదు. అంతా బాగుంటుంది. ఎవరికీ తెలియదు. వచ్చే నెల థార్న్ టీచరు గొంతు తిరిగొచ్చేదాకా ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా ఆ మెట్టు ఎదురుగా నిలబడాలని, చర్చి వెనక గదిలో నల్లబల్ల ముందు సుద్ద పట్టుకుని నిలబడాలని, అడక్కుండా దాచుకున్న ఆశ, ఇవాళ పొద్దున ఒళ్ళో వచ్చి పడితే, అందులో మంచి ముక్క తనే కోసి పక్కన పెట్టాలి. పోనీ మంగళవారం ఉంచుకుంటుంది. నక్షత్రాలు ఉంచుకుంటుంది. ఓడలు, ఏడో ఎక్కం, గురువారం పొద్దుటి పాఠాలన్నీ ఉంచుకుంటుంది. మధ్యాహ్నం అప్పజెప్పడం ఒక్కటీ ఇచ్చేస్తుంది. ఫోను తీసింది.

"గురువారం అప్పజెప్పించుకోవడం నువ్వు చెయ్యి కెండ్రా."

"నేనా? నాకు చూసి చెప్పడమే సరిగ్గా రాదు. ఎందుకూ, నీకేమొచ్చింది?"

"నేను నోరు ఆడిస్తాను. ఆపుకోలేను."

 మేకల అరుపుల మధ్య కెండ్రా ఈసారి గొంతు తగ్గించి, "మేబెల్ కోసమా?" అంది. లోర్నా ఊఁ అంది. "నువ్వు ముందుంటే అది చెప్పేస్తుంది కదే పిచ్చిదానా. మీ ఆయన సర్కారు బడి మాట కూడా ఎత్తడు."

"చెప్పేస్తుంది. అందుకే."

"...సరే. మా కవలలకి కూడా నేను నోరు ఆడిస్తానేమో చూసుకోవాలి," అంది కెండ్రా, "నా మొహంలో ఏమీ కనబడదులే, నిద్ర తప్ప. అమ్మో, చర్చి హాల్లో అందరి ముందూ నిలబడాలంటే టోపీ పెట్టుకోవాలా?" "అక్కర్లేదు." "పెట్టుకుంటాను," అని పెట్టేసింది. లోర్నా ఫోను బల్ల మీద పెట్టి, కాగితం మీద గురువారం గడిలో తన పేరు కొట్టేసి కెండ్రా పేరు రాసింది. కొట్టేసిన పేరు కాస్త నొప్పిగా కనబడింది. కానీ లోపల చప్పట్లు ఆగలేదు, ఇంకా ఎక్కువయ్యాయి, ఇప్పుడు అవి ఎవరి కోసమో తేడా తెలుస్తోంది.

గది తలుపు తెరుచుకుని మేబెల్ వచ్చింది, చెంప మీద దిండు మడతల గీతలు, ఒక మేజోడు జారి. "నాన్న గురక పెడుతున్నాడు, నిద్ర పట్టట్లేదు," అంది, బల్ల మీది కాగితాలు చూసింది, ఆదివారం, అన్నట్టు అమ్మ వైపు చూసింది. లోర్నా బుధవారం దాకా ఆగాలనుకుంది. ఆగలేకపోయింది. సింకు దగ్గరికి వెళ్ళి, వేడి నీళ్ళు తిప్పి, మేబెల్‌కి వీపు తిప్పి, పళ్ళేలు చేతిలోకి తీసుకుని, "కీర్తన ఒకసారి చెప్తావా? నాకు కాదు, గిన్నెలు తోముతున్నాను. ఊరికే గదిలోకి చెప్పు," అంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు. మేబెల్ మొదలుపెట్టింది. మొదటి మాటలు గడగడా వచ్చాయి, అలవాటు ప్రకారం, నక్షత్రాల దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. లోర్నా పెదవుల వెనకకి తరువాతి మాట వచ్చి కూర్చుంది, పళ్ళకి తగులుతోంది, మేబెల్ కాళ్ళు కుర్చీకి కొట్టుకుంటున్నాయి, కుక్క ఆవులించింది, కిటికీ బయట రోడ్డు పక్క గడ్డి మీద మిల్లు నుంచి కొట్టుకొచ్చిన పత్తి పీచు తెల్లగా ఊగుతోంది. "అమ్మా, ఇటు చూడు," అంది మేబెల్. "చేతులు తడిగా ఉన్నాయి." "చూడటానికి చేతులెందుకు?" నిజమే. లోర్నా చూడలేదు. పళ్ళేన్ని ఒకే చోట తోముతోంది, అక్కడ మరకే లేదు. ఇంకా ఆగింది. ఈ ఆగడంలో ఎవరు ముందు విరుగుతారో తెలియడం లేదు, తను విరిగితే పిల్ల నిలబడదు, అది మాత్రం తెలుసు, నీళ్ళు చేతులు కాల్చుతున్నా కట్టలేదు. అప్పుడు వెనక నుంచి ఒక మాట వచ్చింది. తప్పు మాట. "కాదు," అంది మేబెల్ తనకి తనే. ఇంకో మాట వచ్చింది, అది సరైనది, దాని వెంట రెండోది, మూడోది, గడగడా కాదు, ఒక్కొక్కటే, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు ఒక్కో మాట మీదా అడుగు ఆనించి చూసుకుని, గొంతు కూడా వేరే, లోర్నా ఎప్పుడూ వినని గొంతు, కాస్త లోతుగా, తొందర లేకుండా, ఇంత గొంతు ఈ పిల్లలో ఎక్కడుంది ఇన్నాళ్ళూ, ఆ గొంతు మీద తనే కూర్చుని ఉంటే ఎక్కడి నుంచి వస్తుంది, వినిపిస్తోంది, మంచు దగ్గరికి వచ్చింది, దాటింది, చివరికి వచ్చేసింది. నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది. లోర్నా కుళాయి కట్టి, తువ్వాలు అందుకుని, ఇంకా తిరగలేదు, ముఖం తుడుచుకోవడం ముందు కావాలి.

"మధ్యలో ఒక ముక్క ఎగిరిపోయింది," అంది మేబెల్. "కాకి పిల్లలు ఉండాలి అక్కడ. నువ్వు చెప్పకు."

"చెప్పను."

"రేపు వెతుక్కుంటా." కుర్చీ మళ్ళీ జరిగింది. బల్ల మీది కాగితం లాక్కున్న చప్పుడు, వేలు పెట్టి చదువుతున్న గొణుగుడు. "గురువారం కెండ్రా ఆంటీ ఏంటి? నువ్వని చెప్పారుగా."

"మధ్యాహ్నం ఆవిడ ఉంటుంది. నేను పొద్దున ఉంటాను."

"మరి నేను చెప్పేటప్పుడు నువ్వెక్కడుంటావ్?"

లోర్నా ఇక తిరిగింది, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునే తిరిగింది. మేబెల్ జారిన మేజోడు పైకి లాక్కుంటూ, తల వంచుకుని, ఏదో పెద్ద లెక్క వేస్తోంది. "ఎక్కడుండమంటావో నువ్వే చెప్పు," అంది లోర్నా.

"బయట," అంది మేబెల్. "వేన్‌లో. కిటికీ దించుకుని కూర్చో. గట్టిగానే చెప్తాలే."